మాంసం మానేశాక కంచంలోకి ఏమొస్తుంది?

మాంసం మానేయాలా వద్దా అనే వాదన ఎక్కడ మొదలైనా రెండు నిమిషాల్లో రెండు పక్షాలు తేలిపోతాయి. మరి ప్రొటీన్ ఎలాగని ఒకరు నిలదీస్తారు. ఏనుగు ఏం తిని అంత బలంగా ఉందో చూడమని ఇంకొకరు తిప్పికొడతారు. ఏనుగు శాకాహారే, సందేహం లేదు. కాకపోతే దానికి రోజులో సగానికి పైగా మేతతోనే గడిచిపోతుంది. తిన్న పీచును పులియబెట్టి శక్తి లాక్కునేంత పెద్దపేగు కూడా దానికుంది. మనకు ఆ తీరికా లేదు, ఆ పేగూ లేదు.

ఈ గొడవలో ఇరుపక్షాలూ వదిలేసే ప్రశ్న ఒకటుంది. కంచంలోంచి మాంసం తీసేశాక ఆ ఖాళీలోకి ఏం వస్తోంది? ఆరోగ్యం బాగుపడుతుందా, భూమికి మేలు జరుగుతుందా, జంతువుల బాధ తగ్గుతుందా, అసలు ఈ మార్పు నాలుగు నెలలైనా నిలుస్తుందా అన్నవన్నీ ఆ భర్తీని బట్టే తేలతాయి. మాంసం ముక్క ఉన్న చోట ఉడికిన శనగలు పెట్టుకున్నా శాకాహారమే, బంగాళాదుంప చిప్స్ పెట్టుకున్నా శాకాహారమే.

ముందు ప్రొటీన్ సంగతి చూసేద్దాం, ఎందుకంటే దీనికి దక్కాల్సినదానికన్నా ఎక్కువ శ్రద్ధే దక్కుతోంది. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. ఎండు పప్పుల్లో నూరు గ్రాములకు 20 నుంచి 25 గ్రాములు, సోయా గింజల్లో 36 దాకా ఉంటుంది. ఈ అంకెలు చూసి చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. కానీ పప్పును ఎండుగా ఎవరూ తినరు కదా! ఉడికేసరికి నీళ్లు పీల్చుకుని, అదే నూరు గ్రాముల్లో 9 గ్రాముల దగ్గరికి దిగుతుంది. వండిన కోడిమాంసంలో సుమారు 27 ఉంటుంది. అంటే మాంసం తిన్నంత పరిమాణంలో పప్పు తింటే ప్రొటీన్ మూడో వంతే అందుతుంది. పప్పు ఇకమీదట పక్కన నంజుకునేదిగా ఉంటే కుదరదు, భోజనంలో పెద్ద భాగం కావాలి.

అమైనో ఆమ్లాల భయం మాత్రం పాతబడిపోయింది. శరీరం సొంతంగా చేసుకోలేనివి తొమ్మిది. ధాన్యాల్లో లైసిన్ తక్కువ, పప్పుల్లో మిథియోనిన్ తక్కువ, ఒకదాని లోటును ఇంకొకటి తీరుస్తుంది. రెండూ ఒకే పూట కలిపి తినాల్సిందేనన్న మాట 1970ల్లో గట్టిగా ప్రచారమైంది. అంత పట్టింపు అక్కర్లేదని తర్వాత తేలింది, రోజు మొత్తంమీద రెండూ అందితే చాలు. చిక్కు వచ్చేది మాంసం ఖాళీని ఇంకో రెండు ముద్దల అన్నంతోనో, ఇంకో రొట్టెతోనో పూడ్చినప్పుడు. కడుపు నిండుతుంది గానీ లైసిన్ అందదు. వయసు మళ్లినవాళ్ల విషయంలో ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. కండ నిలవడానికి వాళ్లకు ప్రొటీన్ ఎక్కువ కావాలి, ఆకలేమో తక్కువ.

అసలు చిక్కు బి12తో

1920ల దాకా పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనత వచ్చిందంటే ఆశ వదులుకోవడమే. 1926లో అమెరికన్ వైద్యులు జార్జ్ మైనో, విలియం మర్ఫీ రోగులకు రోజూ పెద్ద మొత్తంలో కాలేయం తినిపించి బతికించవచ్చని చూపించారు. ఆ పనికే 1934లో, జార్జ్ విపుల్‌తో కలిపి, వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. కాలేయంలో దాగిన ఆ మందును ఎర్రటి స్ఫటికాలుగా వేరుచేయడానికి 1948 దాకా పట్టింది. అదే విటమిన్ బి12. దాని అణు నిర్మాణం ఎంత చిక్కుముడంటే, 1950ల్లో దాన్ని విప్పిన డొరొతీ హాడ్జ్‌కిన్‌కు 1964లో నోబెల్ రావడానికి అదొక ముఖ్య కారణం.

ఈ విటమిన్‌ను జంతువులూ తయారు చేయవు, మొక్కలూ తయారు చేయవు. చేసేది కొన్ని రకాల బ్యాక్టీరియా, వాటి దూరపు చుట్టాలైన ఆర్కియా. ఆవు, మేక లాంటి జీవుల పొట్టలో అవి కాపురముంటాయి కాబట్టి వాటి మాంసంలోకి, పాలలోకి బి12 చేరుతుంది. మన పేగుల్లోనూ అలాంటి బ్యాక్టీరియా ఉంది. కానీ అది ఎక్కువగా ఉండేది పెద్దపేగులో, బి12ను పీల్చుకునే చోటు మాత్రం అంతకు ముందే, చిన్నపేగు చివర. సరుకు తయారయ్యేసరికి కొట్టు దాటిపోయి ఉంటుంది.

రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములే, అంటే గ్రాములో పదిలక్షల వంతుల్లో చెప్పుకునే పరిమాణం. ఒంట్లో, ముఖ్యంగా కాలేయంలో, నిల్వ ఉండేది 2 నుంచి 5 మిల్లీగ్రాములు. పైగా పైత్యరసంతో బయటికొచ్చినదాన్ని పేగు మళ్లీ పీల్చుకుంటుంది. అందుకే అన్నీ మానేసినా ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. “నేను రెండేళ్లుగా మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టలేదు, నాకేమైంది?” అని ఎవరైనా ఛాతీ విరుచుకుంటే, ఆ రెండేళ్లూ ఆయన పాత నిల్వ మీదే బండి లాగి ఉండొచ్చన్నమాట. ఆ సాక్ష్యాన్ని నమ్ముకుని ఇంకొకరు నిర్ణయం తీసుకోకూడదు.

లోటు మొదలైనప్పుడు చప్పుడు చేయదు. పాదాల్లో తిమ్మిర్లు, నాలుక మంట, నీరసం, నడిస్తే తూలు, చిన్న చిన్న మతిమరుపులు, ఇలా వస్తాయి. వీటిలో ప్రతిదానికీ ఇంకేదో కారణం చెప్పుకోవచ్చు, చెప్పుకుంటాం కూడా. దీనికి తోడు మరో మెలిక ఉంది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు బాగా తీసుకుంటున్నవాళ్లలో బి12 లోటు తాలూకు రక్తహీనత పైకి కనబడకుండా పోవచ్చు. నరాలకు తగిలే దెబ్బ మాత్రం ఆగదు, ఆలస్యమైతే అది పూర్తిగా మానకపోవచ్చు కూడా.

పాలు, గుడ్లు తీసుకునేవాళ్లకు కొంత ఊరట. పెద్ద గ్లాసు పాలలో సుమారు 1 మైక్రోగ్రాము, ఒక గుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము ఉంటుంది. కూడి చూసుకుంటే రోజుకో గ్లాసు పాలతో లెక్క తేలదని తెలుస్తూనే ఉంది. స్పైరులినా అనే నాచు పొడి మీద పెట్టుకున్న ఆశ వదులుకోవచ్చు. అందులో ఉన్నది చాలావరకు బి12ను పోలిన పదార్థమే తప్ప మన ఒంటికి పనికొచ్చేది కాదు. పూర్తిగా మొక్కల మీదే ఆధారపడేవాళ్లకు మాత్రలో, బి12 కలిపిన ఆహారమో తప్పనిసరి, ఇందులో మొహమాటానికి చోటు లేదు. ఆ మాత్రల్లోని బి12 కూడా బ్యాక్టీరియాను పెంచి తీసిందే. 2.4 చాలన్నప్పుడు మాత్రలో 500 మైక్రోగ్రాములు ఎందుకంటారా? పేగులో దీనికున్న ప్రత్యేక దారి ఒక్కసారికి 2 మైక్రోగ్రాములకు మించి మోయలేదు. మిగతాదాంట్లో నూటికి ఒక వంతు మాత్రమే దానంతటది ఇంకుతుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి మింగేవాళ్లు మాంసం తింటున్నా సరే బి12 పరీక్ష చేయించుకోవాల్సినవాళ్లే. మానేస్తే మరీను.

ఇనుము కథ ఇంకోలా నడుస్తుంది. మాంసంలోని ఇనుములో కొంత హీమ్ రూపంలో ఉంటుంది, దాంట్లో 15 నుంచి 35 శాతం ఒంటబడుతుంది. మొక్కల్లో ఉన్నది నాన్-హీమ్ ఇనుము, అందులో ఒంటికి చేరేది 2 శాతం కావచ్చు, 20 కూడా కావచ్చు. ఆ తేడాకు చాలావరకు కారణం పక్కన ఏముందన్నది. నిమ్మరసమో, జామపండో తోడుంటే విటమిన్ సి ఇనుమును పేగు పీల్చుకోగల రూపంలో ఉంచుతుంది. భోజనం మీదే టీ తాగితే అందులోని పాలీఫినాల్స్ దాన్ని పట్టేసుకుంటాయి. టీ మానక్కర్లేదు, గంట ఆగితే చాలు. గింజల్లోని ఫైటేట్లు కూడా ఇనుముకు, జింక్‌కు అడ్డుపడతాయి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల అవి తగ్గుతాయి. అమెరికా పోషకాహార ప్రమాణాలు శాకాహారులకు ఇనుము అవసరాన్ని 1.8 రెట్లుగా లెక్కగట్టాయి. నెలసరి వచ్చే వయసు స్త్రీలకు ఇది చిన్న అంకె కాదు.

మిగతావి టూకీగా. పాలు కూడా మానేసేవాళ్లు కాల్షియం కోసం పాలకూరను నమ్ముకోకూడదు. అందులో ఆక్సలేట్లు ఉండటంతో ఒంటబట్టేది 5 శాతం దగ్గరే, పాలలోదైతే నాలుగో వంతుకు పైనే. చేపలు మానేస్తే ఒమేగా-3 కోసం అవిసె గింజలు, అక్రోటు ఉన్నాయి. కానీ వాటిలోని రకాన్ని శరీరం, చేపల్లో ఉండే డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 రకంగా మార్చుకునేది బహు స్వల్పం. చేపకు ఆ డీహెచ్‌ఏ వచ్చేదే నీటిలోని సూక్ష్మ శైవలాల (కంటికి కనబడనంత చిన్న నాచు) నుంచి, కాబట్టి శైవలాల నూనె తీసుకుంటే మధ్యలో చేప అక్కర్లేదు. అయోడిన్‌కు అయోడైజ్డ్ ఉప్పు చాలు.

ఇక మొదటి వారాల్లో పొట్ట చేసే అల్లరి. పప్పులు, చిక్కుళ్లలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగులో లేదు. దాంతో అవి పెద్దపేగు దాకా వెళ్లి బ్యాక్టీరియాకు విందవుతాయి, గ్యాస్ పుడుతుంది. మాంసంలో పీచు ఒక్క గ్రాము కూడా ఉండదు. అలాంటి భోజనం నుంచి ఒక్కసారిగా రోజుకు 40 గ్రాముల పీచుకు దూకితే ఏ పొట్టయినా తిరగబడుతుంది. “నాకు పప్పులు పడవు” అనేవాళ్లలో చాలామందికి పడనిది ఆ వేగం. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ, నీళ్లు ఎక్కువ తాగితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

నాలుక ఎందుకు ఒప్పుకోదు

పోషకాల లెక్కలు సరిచూసుకున్నవాళ్లు కూడా ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. పోషకాహార నిపుణులు దీన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. మాంసం మీద మనసు పోవడాన్ని నిగ్రహం లేకపోవడంగా చూస్తారు. కానీ దాని వెనక రసాయన శాస్త్రం ఉంది.

1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునయె ఇకెదా కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటామేట్‌ను వేరుచేసి, తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు షింతారొ కొదామా ఎండబెట్టిన చేపలో ఇనోసినేట్ అనే ఇంకో ఉమామి పదార్థాన్ని పట్టుకున్నాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఎండు పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ దొరికింది. ఇందులో అసలు కిటుకు ఏమిటంటే, గ్లుటామేట్‌తో మిగతా రెంటిలో ఏది కలిసినా రుచి కూడిక లెక్కన కాక ఎన్నో రెట్లు పెరుగుతుంది. మాంసంలో ఇనోసినేట్ దండిగా ఉంటుంది. టమాటా, ఉల్లి వేసి మాంసం వండినప్పుడు వచ్చే ఆ నిండుతనానికి మూలం ఈ జోడీయే. కూర అలాగే ఉంచి మాంసం మాత్రం తీసేస్తే జోడీ విరిగిపోతుంది. చప్పగా ఉందని ఉప్పు వేస్తారు, కారం వేస్తారు, అయినా కుదరదు, ఎందుకంటే లోటు ఉన్నది వేరేచోట.

దాన్ని పూడ్చే దారి కూడా ఆ పరిశోధనలోనే ఉంది. ఎండు పుట్టగొడుగులను నానబెట్టి ఆ నీళ్లతో సహా వాడితే గ్వానిలేట్ దొరుకుతుంది. బాగా పండిన టమాటాలు దగ్గరకు ఇగిరేదాకా మగ్గబెడితే, సోయా సాస్ చెంచాడు వేస్తే గ్లుటామేట్ వస్తుంది. రెండూ కలిస్తే జోడీ మళ్లీ కుదురుతుంది.

రెండోది కాలిన వాసన. అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి గోధుమరంగుకు తిరిగే చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ వివరించాడు. అది చురుగ్గా సాగాలంటే 140 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా వేడి కావాలి. నీళ్లున్నంతసేపు కూర వంద డిగ్రీలు దాటదు. మాంసాన్ని వేయించి, కాల్చి తిన్న అలవాటుతో కూరగాయలను మాత్రం ఉడకబెట్టి తిని, రుచి లేదని వాపోతే ఎలా? తడి లేకుండా తుడిచి, ముక్కకు ముక్క తగలకుండా, నూనె రాసి, గట్టి మంట మీద అంచులు ఎర్రబడేదాకా కాలిస్తే కాలీఫ్లవర్ కూడా ఇంకో మనిషిలా మాట్లాడుతుంది. మూడోది కొవ్వు. మాంసంతో పాటు అదీ పోతుంది, కాబట్టి నువ్వుల ముద్దో, వేరుశనగ ముద్దో, మంచి నూనో వేయడానికి వెనకాడక్కర్లేదు.

అధ్యయనాలు ఎవరితో ఎవరిని పోలుస్తున్నాయి?

శాకాహారులు ఎక్కువ కాలం బతుకుతారా? అమెరికా, కెనడాల్లోని సెవెంత్ డే అడ్వెంటిస్ట్ క్రైస్తవులు 73 వేల మందిపై 2013లో వచ్చిన ఫలితాల్లో శాకాహారుల మరణాల రేటు 12 శాతం తక్కువ. బ్రిటన్‌లో 1993లో మొదలైన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 2016లో లెక్క తీస్తే మొత్తం మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ పేరున్న అధ్యయనాలే. ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలో చేరిన మాంసాహారులు కూడా ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు, పొగ తక్కువ తాగేవాళ్లు. పక్కన నిలబెట్టిన మనిషి మారితే ఫలితమూ మారుతుంది.

అదే ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 2019లో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టింది. 48 వేల మందిని సుమారు 18 ఏళ్లు గమనిస్తే శాకాహారుల్లో గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువగా, పక్షవాతం 20 శాతం ఎక్కువగా కనబడింది. శాతాలు చూస్తే సరికి సరి అనిపిస్తుంది. మనుషుల లెక్కలో చూడండి: వెయ్యిమందిలో పదేళ్లకు గుండె జబ్బులు 10 తగ్గాయి, పక్షవాతాలు 3 పెరిగాయి. 2020లో ఎముకల మీద లెక్క తీస్తే, పాలు, గుడ్లు కూడా మానేసినవాళ్లలో ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువ. తక్కువ బరువు, తక్కువ కాల్షియం, తక్కువ ప్రొటీన్ అనే మూడూ కొంత కారణమని తేలింది, అలాగని అవే మొత్తం కారణం కాదు.

భర్తీ మాట ఎందుకు పదేపదే ఎత్తుతున్నానో చూపించే అంకెలు అమెరికాలోవి. రెండు లక్షల మందికి పైగా ఆరోగ్యరంగ ఉద్యోగుల ఆహారాన్ని విశ్లేషించి 2017లో ప్రచురించారు. మాంసం స్థానంలో ముడిధాన్యాలు, పప్పులు, కూరగాయలు, గింజలు ఎక్కువగా తీసుకున్నవాళ్లలో గుండె జబ్బు ముప్పు 25 శాతం తక్కువ. మైదా, తీపి పానీయాలు, స్వీట్ల మీద ఆధారపడ్డవాళ్లలో 32 శాతం ఎక్కువ. ఈ రెండు కంచాల్లోనూ మొక్కల ఆహారమే ఎక్కువ.

క్యాన్సర్ గురించి కూడా ఒక మాట. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని మొదటి వర్గంలో (క్యాన్సర్ కలిగిస్తుందని తేలినవి), ఎర్రమాంసాన్ని 2ఎ వర్గంలో (బహుశా కలిగించేవి) పెట్టింది. పొగాకు కూడా మొదటి వర్గమే కాబట్టి రెండూ సమానమని హడావుడి జరిగింది. ఆ వర్గాలు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. రోజుకు 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసంతో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుంది. పొగాకు ముప్పు దీనికి ఎన్నో రెట్లు.

ఆవు, కోడి, చీజ్

భూమి కోసం మానేసేవాళ్లకు లెక్క మళ్లీ మారిపోతుంది. 119 దేశాల్లోని 38 వేలకు పైగా పొలాల సమాచారంతో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ 2018లో వేసిన అంచనా ప్రకారం, నూరు గ్రాముల ప్రొటీన్‌కు మాంసం కోసమే పెంచే పశువుల వల్ల సగటున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయి. గొర్రె, మేక మాంసానికి 20, కోడికి సుమారు 6, గుడ్లకు 4, బఠాణీలకు అర కిలో కూడా లేదు. మరి చీజ్? 11. గొడ్డుమాంసం మాని చీజ్‌కు మారితే పెద్ద లాభం. కోడి మాని ఆ స్థానమంతా చీజ్‌తో నింపితే, పూర్తి శాకాహారిగా మారి కూడా భూమి మీద భారం పెంచినట్టే.

జంతువుల కోసం మానేసేవాళ్ల దారి ఇందుకు ఎదురు. ఒక పశువు నుంచి వచ్చే మాంసానికి బదులు కోడి తినాలంటే వందకు పైగా కోళ్లు కావాలి. ప్రపంచంలో ఏటా కోసే కోళ్లు 7,000 కోట్లకు పైనే. వాతావరణం కోసం గొడ్డుమాంసం మాని కోడికి మారినవాడు చంపే ప్రాణాల సంఖ్య పెంచుతున్నాడు. పాలు, గుడ్లూ ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేవు. పాలు కావాలంటే ఆవు ఈనాలి, పుట్టేవాటిలో సగం మగదూడలు. గుడ్ల పరిశ్రమకు పుంజుపిల్లలు పనికిరావు, చాలా దేశాల్లో పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి దాన్ని నిషేధించింది. కాబట్టి ఎందుకు మానేస్తున్నామో ముందే తేల్చుకోకపోతే, ఏ కంచం సరైనదో ఎప్పటికీ తేలదు.

మొదలుపెట్టినవాళ్లలో నిలిచేదెందరు? ఫానలిటిక్స్ సంస్థ 2014లో అమెరికాలో 11 వేల మందికి పైగా చేసిన సర్వేలో, ఎప్పుడో ఒకప్పుడు మాంసం మానేసినవాళ్లలో 84 శాతం మళ్లీ మొదలుపెట్టారు. అందులో మూడో వంతు మూడు నెలలైనా నిలవలేదు. ఒక్క తునక కూడా ముట్టకుండా ఉండటం కష్టమైందని చెప్పినవాళ్లు 43 శాతం. ఒకరోజు ఎక్కడో తప్పి తింటే ఇక అంతా పోయినట్టేనని పూర్తిగా వెనక్కి వెళ్లిపోవడం ఇందులో పెద్ద భాగం. మత నిష్ఠతో మానేసినవాళ్లకు ఆ పట్టింపు ఉంటుంది, అది వేరే విషయం. గుండె కోసమో, వాతావరణం కోసమో మానేసినవాళ్లకు వారంలో పదకొండు పూటల మాంసం రెండు పూటలకు తగ్గినా దక్కాల్సిన మేలులో ఎక్కువ భాగం దక్కేసినట్టే.

తిరిగి మొదలుపెట్టినవాళ్లు తరచూ చెప్పే కారణం నీరసం. అది నిజంగా ఆహారం వల్లే వచ్చిందో, అంతకు ముందే ఉన్న లోటో చాలామంది విషయంలో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ముందు ఎలా ఉందో కొలిచి పెట్టుకోలేదు. మాంసం తింటున్న రోజుల్లోనే బి12, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పేది) పరీక్షలు ఒకసారి చేయించుకుని, ఆరు నెలల తర్వాత అవే మళ్లీ చేయిస్తే ఏది ఎటు కదిలిందో కాగితం మీదే కనబడుతుంది. బి12 అంకె అంచున ఉంటే, బి12 తక్కువైనప్పుడు రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ కూడా చూడమని డాక్టర్ని అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఈ పరీక్షలకు కూడా ఆగకుండా, మెనూ మార్చే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకు పప్పులు, టమాటాలు, పండ్లలోని పొటాషియమే సమస్య కావచ్చు.